యాడికీ యాదికీ మధ్య ఒక రిజిస్ట్రేషన్

సర్కారు ఆఫీసులో మన కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే రోజు ఒకటి వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. కానీ వచ్చింది. అది సమ్మె రోజు.

తెలంగాణ రాష్ట్రం కోసం జనం రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటలు వండుకుంటున్న కాలం అది. నేను జనగామలో ఒక డీటీపీ సెంటర్లో టైపు కొట్టేదాన్ని. పెళ్లి పత్రికలు, బయోడేటాలు, అద్దె ఒప్పందాలు, మధ్యమధ్యలో ధర్నా కరపత్రాలు. మా తండా కొత్తగూడ అడవి వైపు. ఇప్పుడు జనగామ ఒక జిల్లా, భూపాలపల్లి ఒక జిల్లా, మానుకోట ఒక జిల్లా. అప్పుడు అన్నీ ఒకే జిల్లా. మహబూబాబాద్ అని బస్సు మీద రాసి ఉంటుంది గానీ మా నోళ్లలో అది ఎప్పుడూ మానుకోటే.

మా అమ్మా, తండాలో ఇంకొందరు ఆడవాళ్లూ అద్దాల కుట్టు కుట్టేవాళ్లు. రంగు గుడ్డల మీద అద్దాలు, పూసలు, గవ్వలు. కుట్టిన సంచులు, దిండు గలీబులు కొనడానికి ఒక బేరగాడు వచ్చేవాడు. ముందటేడు వానలకు ఇల్లు కురిసి, కుట్టి పెట్టిన సరుకంతా తడిసి, ఎరుపు పసుపులోకి, పసుపు నీలంలోకి దిగిపోయింది. బేరగాడు చూసి మారు మాట్లాడకుండా బండెక్కి వెళ్లిపోయాడు. ఆ ఏడాదంతా వాళ్లు సూది పక్కన పెట్టి మిరప చేలల్లో కూలికి పోయారు. మా అమ్మకు అది ఎంత అవమానమో నాకు తెలుసు. కూలికి పోవడం కాదు, బేరగాడు మారు మాట్లాడకుండా పోవడం.

ఊళ్లో బడికి కొత్త గదులు కట్టాక పాత స్లాబు గది ఒకటి ఖాళీగా పడి ఉంది. ఆ గది దొరికితే ఇక వానకు భయం లేదు. అమ్మ పోయి పంచాయతీ కార్యదర్శిని అడిగింది. ఆయన పద్ధతి తప్పని మనిషి. మా రేషన్ కార్డుల్లో మా పేర్లన్నీ తప్పుల తడకగా రాయించిన మనిషి కూడా ఆయనే, అది వేరే సంగతి.

"ఉత్తగ ఆడోళ్లకు గది ఎట్లిస్తనవ్వా? సంఘం రిజిస్టరై ఉండాలె. ఇప్పుడు దరఖాస్తు ఇయ్యుండ్రి, గ్రామసభ నాటికి సర్టిఫికేట్ తెస్తె గది మీది. లేకుంటె ఎరువుల దుకాణపాయన గోదాముకు అడుగుతుండు, ఆయనకిస్త" అన్నాడు.

అమ్మ వెంటనే సంఘానికి పేరు పెట్టి దరఖాస్తు ఇప్పించేసింది. పేరు 'యాడి'. మా లంబాడీ భాషలో యాడి అంటే అమ్మ. అందరూ తమ తల్లుల దగ్గరే కుట్టు నేర్చుకున్నారు కాబట్టి ఆ పేరు మీద ఎవరికీ పేచీ లేదు. మిగతా పని నా నెత్తిన పడింది. డిగ్రీ చదివించింది ఇలాంటి పనులకే గదా అన్నట్టు చూసింది అమ్మ.

మా డీటీపీ సెంటర్లో సంఘాల కాగితాలకు ఒక నమూనా ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు, జనగామలో పుట్టిన ప్రతి సంఘమూ దాన్నుంచే పుట్టింది. పేరు మార్చి, చిరునామా మార్చి, ప్రింటు కొట్టడమే. నేనూ అదే చేశాను. అందరి చేతా సంతకాలు, వేలిముద్రలు పెట్టించుకుని జిల్లా కేంద్రంలోని రిజిస్ట్రారు ఆఫీసుకు బయలుదేరాను.

వెళ్లేసరికి గేటు ముందర సమ్మె టెంటు. లోపల మాత్రం అందరూ ఎవరి కుర్చీల్లో వాళ్లున్నారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, పెన్నులన్నీ బల్లల మీద వరుసగా పడుకుని ఉన్నాయి. రిజిస్ట్రారు సారుది తరిగొప్పుల పక్క ఊరు. తెల్లగా నెరిసిన మీసం, నిదానం మనిషి.

"పెన్ డౌన్ నడుస్తున్నదమ్మా. ఆఫీసుకొస్తం, కూసుంటం, పెన్ను మాత్రం ముట్టం. సంతకం గాదు" అన్నాడు.

"సంతకం వద్దు సార్. జర సూసి తప్పులేమన్నుంటె చెప్పుండ్రి."

ఆయన గోడ గడియారం వంక చూశాడు, నా వంక చూశాడు. సాయంత్రం దాకా చేయడానికి ఏమీ లేని మనిషి ముఖం అది. చెయ్యి చాపి కాగితాలు తీసుకున్నాడు, కళ్లద్దాలు తుడుచుకున్నాడు, చదవడం మొదలుపెట్టాడు.

మామూలు రోజుల్లో ఆ ఆఫీసులో కాగితం ఎలా నడుస్తుందో నాకు తెలుసు. సెంటరు తరఫున ఎన్నోసార్లు వెళ్లాను. కిటికీలోంచి ఇస్తాం, కొన్నాళ్లకు కిటికీలోంచే వెనక్కి వస్తుంది, మీద ఒక కొర్రీ ఉంటుంది. అది సరిచేసి ఇస్తే ఇంకో కొర్రీ. రెండూ ఒకేసారి చెప్పొచ్చు గదా అని అడిగితే, మొదటి తప్పు దగ్గరే చదవడం ఆపేస్తామని ఒకాయన నిజాయితీగా చెప్పాడు కూడా. అలాంటిది సారు ఆ రోజు పేజీ వెనక పేజీ తిప్పుతున్నాడు. పెన్ను పట్టకూడదు గనక తప్పు దొరికిన చోటల్లా బొటనవేలి గోరుతో గీత గీస్తున్నాడు. ఆ గీతలు కనబడాలంటే కాగితాన్ని వెలుతురుకు వంచి చూడాలి.

ఉద్దేశాల పేజీ దగ్గర ఆగాడు.

"ఏందమ్మా గిది? అద్దాల కుట్టు, సరే. పశువుల పెంపకం, సరే అనుకుందం. క్రీడల అభివృద్ధి అని రాసినవ్. మీ ముసలమ్మలు క్రికెట్ గూడ ఆడుతరా?"

ఆఫీసు ఆఫీసంతా నవ్వింది. ఆ నమూనా మీద నాకు పుట్టిన కోపం అంతా ఇంతా కాదు. ఎవరో క్రీడా సంఘం వాళ్ల వాక్యం అన్ని సంఘాల్లోకీ పాకి, చివరికి మా అమ్మ చేతికి బ్యాటు ఇచ్చింది.

తర్వాత సారు మొదటి పేజీకి వచ్చి, "ఇంతకు సంఘం పేరేంది?" అన్నాడు.

"యాడి సార్."

"యాడిదో నేనడుగుతలేనమ్మా. ఊరు ఈడ రాసే ఉన్నది. పేరు చెప్పు."

"యాడే సార్ పేరు."

పక్క బల్ల గుమాస్తా కల్పించుకున్నాడు. ఆయనది చిట్యాల. పల్లెటూరి మనిషి, గొంతు పెద్దది, ఉద్యమంలో ముందుండేవాడు. "సార్, ఆ చెల్లె కాయితాలు యాడ ఇయ్యాల్నని అడుగుతున్నది" అంటూనే, గేటు దగ్గర నినాదాలు మొదలయ్యేసరికి లేచి బయటికి నడిచాడు.

"అయ్యో, యాడ గాదు సార్. యాడి! మా భాషల అమ్మ అని" అన్నాను.

సారు కళ్లద్దాలు తీసి ఆ మాటను నోట్లో ఒకటి రెండుసార్లు తిప్పుకున్నాడు. తర్వాత మీసంలో నవ్వుకున్నాడు. "మంచిగున్నది. ఒక పేరున్నట్ల ఇంకోటి ఉంటె నేను ఒప్పుకోను. ఇది మాత్రం జిల్లా మొత్తం దేవులాడినా ఇంకోటి దొరకది" అన్నాడు.

ఆ గోరు గీతలన్నీ చూసుకుంటూ కాగితాలు మళ్లీ కొట్టాను. క్రికెట్ తీసేశాను, పశువుల్ని తోలేశాను. పెన్ డౌన్ ఎత్తేశారని తెలిసిన రోజే పోయి దాఖలు చేశాను. ఒక్క కొర్రీ లేదు. అంత నున్నగా నడిచిన కాగితం మా సెంటరు చరిత్రలో లేదు, అందుకే నాకు అనుమానం రావాల్సింది.

సర్టిఫికేట్ తీసుకోవడానికి వెళ్లిన రోజు సారు లేడు, ర్యాలీకి పోయాడు. చిట్యాల గుమాస్తా నన్ను చూడగానే లేచి నిలబడి, బహుమతి ఇస్తున్నట్టు ఆ కాగితం నా చేతిలో పెట్టాడు.

"సూడు చెల్లె. నువ్వు టైపుల ఒక తప్పు కొట్టినవ్. నేనే సరిచేసిన. అన్ని దిక్కుల సక్కగ పడ్డది."

చూశాను. 'యాది మహిళా కుట్టు సంఘం' అని ఉంది.

"యాది! ఎంత మంచి పేరు పెట్టిన్రు. ఆ పేరేందో నువ్వు సార్‌కు చెప్పంగ నాకు సగమే ఇనవడ్డది. కాయితం మీద డ కొట్టి ఉంటె అరే, పాపం చెల్లె తప్పు కొట్టింది అనుకున్న. యాది అంటె గ్యాపకం, మన తెలంగాణ మాట. సినిమాలల్ల మన మాటను జోకర్లకు పెట్టిన్రు గదా, ఇగ సర్కారు సర్టిఫికేట్ల మీద పెడుదం. ఎవడాపుతడో సూస్త!"

ఏం చేయాలి ఆ మనిషిని? తన మాటను ఎవరో దిద్దారని ఇన్నేళ్లూ కడుపు మండిన మనిషి. ఆ మంటతోనే, ఎంతో ప్రేమగా, మా మాటను దిద్ది పెట్టాడు. నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. "అన్నా, అది తప్పు గాదు. యాడే. యాడి అంటె మా భాషల అమ్మ" అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. "మీదొక భాష ఉన్నదన్న సంగతే తట్టలే చెల్లె" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. నాకు ఆయన మీద కోపం అక్కడితో పోయింది గానీ కాగితం మీద అక్షరం మాత్రం పోలేదు. దిద్దాలంటే పక్కన సారు పొట్టి సంతకం ఉండాలి. సారేమో ర్యాలీలో ఉన్నాడు. రేపటి నుంచేమో మళ్లీ పెన్ డౌన్.

గ్రామసభ దగ్గర పడింది. ఉన్న కాగితమే తీసుకుని ఊరికి పోయాను. పంచాయతీ కార్యదర్శి దాన్ని దరఖాస్తు పక్కన పెట్టి, ఒక వేలు దీని మీద, ఒక వేలు దాని మీద ఆనించి చదివాడు. "దరఖాస్తు పెట్టింది యాడి. సర్టిఫికేట్ వచ్చింది యాదికి. ఇది వేరే సంఘం. రేపు ఎరువులాయన అడిగితె నేనేం జవాబు చెప్పాలె?" అన్నాడు. మా పేర్లలో ఒక్క అక్షరమూ సరిగ్గా రాయించని మనిషికి ఆ రోజు అక్షరాల మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. చేతిలో ఏదైనా ఉంటే విసిరికొట్టేదాన్ని.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. ఆమెకు చదువు రాదు. కాగితం తిరగేసి మరగేసి చూసి, "యాది అంటె ఏం రాసినట్టే?" అని అడిగింది.

"పోయినోళ్లను తలుసుకుంటం గదా, అది."

అమ్మ కుట్టు పక్కన పెట్టేసింది. "నేనింక బతికే ఉన్న గదనే! బతికున్న తల్లిని పట్టుకొని యాది జేసిండా ఆయన? పద, పోయి కనవడొస్త."

అమ్మ కనబడితే మామూలుగా కనబడదు. అద్దాల రవిక, కుచ్చుల లంగా, మోచేతి పైదాకా గాజులు. మర్నాడు ఆమె ఆఫీసు గేటు దగ్గర బస్సు దిగి నడిచి వస్తుంటే, టెంటులో కూర్చున్న ఉద్యోగులు లంబాడీ తల్లులు కూడా మద్దతుకొచ్చారనుకుని చప్పట్లు కొట్టారు. కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు, ఎవరో మైకు కూడా తెచ్చారు. అమ్మకు సంగతి అర్థమయ్యే ఉంటుంది, అయినా కాదనలేదు. మైకు పట్టుకుని "జై తెలంగాణ" అని ఎలా అరిచిందంటే రోడ్డు అవతలి దుకాణాల వాళ్లు బయటికొచ్చారు. అది ఉత్త మర్యాదకు అరిచిన అరుపు కాదు, ఆమెకు రాష్ట్రం కావాలి. గది కూడా కావాలి.

మజ్జిగ తాగేసి, చిట్యాల గుమాస్తాను దగ్గరికి పిలిచి కాసేపు ఎగాదిగా చూసింది. "నన్ను యాది జేసింది నువ్వేనా బిడ్డా?" అంది. ఆయన తల వంచుకుని "నేనే అవ్వా. మాఫ్ చెయ్" అన్నాడు. "ఎందుకు మాఫ్? మంచికే జేసినవట గదా. ఇప్పుడు సరిజెయ్" అంది.

రిజిస్ట్రారు సారు కూడా టెంటులోనే కూర్చుని ఉన్నాడు. విషయమంతా విన్నాడు. అక్షరం తప్పు తమదేనని, తను చూడకుండా సంతకం పెట్టేశానని ఒప్పుకున్నాడు. గ్రామసభ రేపేనని, ఆ గది పోతే మళ్లీ వానల్లో సరుకంతా నానుతుందని నేను చెబుతుంటే ఆయన కళ్లు కిందికి వాలాయి.

"అవ్వా, నువ్వు చెప్పేదాంట్ల నాయం ఉన్నది. గని పెన్ను పట్టమని వీళ్లందరి ముంగట మాటిచ్చిన. ఇయ్యాల నేను పెన్ను పడితె రేపు ఎవడూ నన్ను నమ్మడు. నా పరేషాన్ నువ్వే అర్థం జేసుకోవాలె" అన్నాడు.

"పట్టకు బిడ్డా. మాట తప్పమని నేనెందుకంట?" అంది అమ్మ. అని, తన కుడిచేతి బొటనవేలు పైకెత్తి చూపించింది. "ఏలు పెట్టు."

టెంటులో మొదట నవ్వులు, ఆ తర్వాత వాదులాట. గెజిటెడ్ ఆఫీసరు వేలిముద్ర వేయడమేంటని ఒకరు. సంతకానికి బదులు వేలిముద్ర చెల్లినప్పుడు పెన్ డౌన్‌తో పాటు వేలు డౌన్ కూడా చేయాల్సిందేనని ఇంకొకరు. సమ్మె నోటీసు తెప్పించి చదివారు. అందులో పెన్ను అనే ఉంది, వేలు అని ఎక్కడా లేదు. ఉద్యోగుల సంఘం నాయకుడు గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు: "కలం ముట్టలేదంటె సమ్మె చెడలేదన్నట్టే. సార్ ఇష్టం."

మరి అక్షరం దిద్దేదెవరు? నేను సమ్మెలో లేను. "చెల్లె, నీ పెన్ను, నీ చెయ్యి" అన్నాడు చిట్యాల గుమాస్తా. ఆయన చెప్పినట్టే 'యాది' కొట్టేసి పైన 'యాడి' రాశాను. ఆయనే లోపలికి పరుగెత్తి సిరా డబ్బా తెచ్చాడు.

సారు బొటనవేలు సిరాలో ముంచాడు గానీ కాగితం మీద ఎటు నుంచి ఆనించాలో తెలియక గాల్లోనే ఆపాడు. ఎన్ని వేల మంది చేత వేయించి ఉంటాడో, తను మాత్రం ఎన్నడూ వేసినట్టు లేదు. మా అమ్మ లేచి ఆయన వేలు పట్టుకుంది. ఆఫీసుల్లో మా వేళ్లు ఎలా పట్టుకుంటారో అలాగే, గోరు వెనక నుంచి పట్టుకుని, కాగితం మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు మెల్లగా దొర్లించింది. ముద్ర శుభ్రంగా పడింది. సారు వేలు ఎత్తి ఎక్కడ తుడుచుకోవాలో తెలియక చుట్టూ చూస్తుంటే, "తలకు రుద్దుకో బిడ్డా, పోతది" అంది. ఆయన బుద్ధిగా తలకు రుద్దుకున్నాడు. నెరిసిన జుట్టు మీద నీలం మరక పడి టెంటంతా మళ్లీ గొల్లుమంది. ఆయనా నవ్వాడు.

గది మాకొచ్చింది. "ఇది ఎవలి ఏలిముద్ర?" అని పంచాయతీ కార్యదర్శి అడిగితే "రిజిస్ట్రార్ సార్‌ది" అన్నాను. ఆయన నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, కింద రౌండు ముద్ర కూడా ఉండేసరికి ఇంకేమనలేకపోయాడు. పెన్ డౌన్ అయిపోయాక సారే కబురు పెట్టి ఆ వేలిముద్ర కింద సంతకం చేసిచ్చాడు. అమ్మ వాళ్లు ఆ స్లాబు కింద ఇప్పటికీ కుడుతున్నారు.

వేలిముద్ర వేయించుకున్న ఆ రోజు తిరుగు బస్సులో నేను మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాను. సారు తల మీది మరక గుర్తొచ్చినప్పుడల్లా పొంగుకొస్తోంది. అమ్మ నవ్వడం లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"ఆ సారు ఏలు వణికిందే" అంది మా భాషలో.

"ఎందుకు? భయమా?"

"సిగ్గు. అందరూ సూస్తుంటె ఏలు పెట్టాల్నంటె సిగ్గుంటది. నాకు గూడ గట్లనే వణికింది."

"ఎప్పుడే?"

అమ్మ టికెట్లు కొట్టుకుంటూ వచ్చిన కండక్టరుకు ఊరి పేరు చెప్పి, చిల్లర కొంగులో ముడేసుకుంది.

"నిన్ను మానుకోట హాస్టల్ల ఏసిన నాడు. ఆడున్న సార్ సంతకం జెయ్యమన్నడు. నువ్వు పక్కనే నిలవడి నా చెయ్యి దిక్కే సూస్తున్నవ్."